స్కూబా రెగ్యులేటర్లు: స్పెక్ షీట్ కాదు, దిగే నీళ్ళు చూసి ఎంచుకోండి

ఝరాసంగం నుంచి సముద్రం చూడాలంటే ఏ దిక్కుకు వెళ్ళినా 300 కిలోమీటర్లు దాటాల్సిందే. అయినా ఈ మధ్య మా ఊళ్ళో స్కూబా గురించి అడిగేవాళ్ళు పెరిగారు. కారణం రీల్స్. చేతి పంపుతో నింపుకునే అరలీటరు సిలిండర్, దాని మీదే బిగించిన మౌత్‌పీస్, నీలం నీళ్ళలో చేపల మధ్య ఒక కుర్రాడు. కింద 'ఇప్పుడే కొనండి' బటన్. మొన్న ఒక తమ్ముడు ఆ లింక్ పంపి, "అన్నా, గిది తెప్పిచ్చుకుంటే మా బాయిల దిగొచ్చా?" అనడిగాడు.

వద్దని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఎందుకు వద్దో తెలియకపోతే ఇంకో రీల్ చూడగానే ఆ మాట మర్చిపోతాం. పైగా అసలైన స్కూబా సెట్ కొనాలనుకునేవాళ్ళు కూడా మనలో ఉన్నారు. పుదుచ్చేరిలో కోర్సు చేశాక నేను చాలా రోజులు తిప్పి తిప్పి చూసింది రెగ్యులేటర్ల పేజీలే. ఫోన్లను పోల్చినట్టే పోలుద్దామని మొదలుపెడితే, ఈ వస్తువుకి ఆ లెక్క కుదరదని అర్థమైంది. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. 20 మీటర్ల లోతులో ఇది మొండికేస్తే చేతిలో ఉండేది ఒక్క ఊపిరి.

వంటింట్లో ఉన్నదే, కాకపోతే తెలివైనది

గ్యాస్ సిలిండర్ మీద ఉండే రెగ్యులేటర్ మీకు తెలుసు. లోపల ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న గ్యాస్‌ని పొయ్యికి సరిపడేంతకి తగ్గించి పంపుతుంది. స్కూబా రెగ్యులేటర్ చేసేదీ అదే పని. తేడా ఏంటంటే, వంటింటి రెగ్యులేటర్ ఎప్పుడూ ఒకే ప్రెషర్ ఇస్తుంది. స్కూబాది చుట్టూ ఉన్న నీళ్ళ ప్రెషర్ ఎంతో కనిపెట్టి, అంతే ప్రెషర్‌తో గాలి ఇవ్వాలి. అదీ మీరు పీల్చినప్పుడు మాత్రమే.

ఈ పోలిక నేను ఊరికే తేలేదు. 1943లో జాక్ కుస్తోతో కలిసి ఆక్వాలంగ్ తయారుచేసిన ఎమిల్ గాన్యాన్, ఎయిర్ లిక్విడ్ కంపెనీలో గ్యాస్ ఇంజినీరు. యుద్ధకాలంలో పెట్రోల్ దొరక్క కార్లను గ్యాస్ మీద నడపడానికి ఆయన చేసిన రెగ్యులేటరే దానికి మూలం. అంతకు ముందే 1860లలో ఫ్రాన్స్‌లోనే రూకెరోల్, దెనెరూజ్ అనే ఇద్దరు ఇలాంటి వాల్వ్ చేశారు. కానీ ఎక్కువ ప్రెషర్ తట్టుకునే సిలిండర్లు అప్పటికి లేవు. ప్రాసెసర్ రెడీ, బ్యాటరీ మాత్రం లేదు అన్నట్టుగా ఆగిపోయింది.

ఇప్పటి రెగ్యులేటర్‌లో రెండు భాగాలు. సిలిండర్ మీద బిగించే లోహపు దిమ్మె ఫస్ట్ స్టేజ్. అది 200 బార్‌ని చుట్టూ ఉన్న నీటి ప్రెషర్ కంటే సుమారు 9 నుంచి 10 బార్ ఎక్కువకి దించుతుంది. దీన్ని ఇంటర్మీడియెట్ ప్రెషర్ అంటారు. నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్. అందులో రబ్బరు డయాఫ్రం, దాని వెనక చిన్న లీవర్, వాల్వ్ ఉంటాయి. మీరు పీల్చగానే డయాఫ్రం లోపలికి వంగి లీవర్‌ని నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. పీల్చడం ఆపితే మూసుకుంటుంది. బ్యాటరీ లేదు, చిప్ లేదు. అంతా స్ప్రింగులు, రబ్బరు, ఇత్తడి. జహీరాబాద్‌లో ట్రాక్టర్ రిపేర్ చేసే మెకానిక్ చేతికిస్తే, ఓ-రింగు ఎక్కడుందో మనకంటే ముందు ఆయనే చూపిస్తాడు.

8500 లీటర్ల మెగాపిక్సెల్

ఇక స్పెక్స్‌కొద్దాం. స్కూబాప్రో కంపెనీ పెద్ద మోడల్ ఎంకే25 నిమిషానికి 8500 లీటర్ల గాలి ఇవ్వగలదని రాసుకుంటారు. అదే కంపెనీ మధ్యస్థ మోడల్ ఎంకే17కి 6500. అన్నింటికంటే చవకైన ఎంకే2కి 2600. చూడగానే ఎంకే2 పాపం మూడో వంతు కూడా లేదే అనిపిస్తుంది.

మరి మనిషికి ఎంత కావాలి? యూరప్ ప్రమాణం ఈఎన్ 250లో రెగ్యులేటర్‌ని యంత్రానికి తగిలించి, 50 మీటర్ల లోతుకి సమానమైన ప్రెషర్‌లో, నిమిషానికి 62.5 లీటర్ల చొప్పున ఊపిరి పీల్పిస్తారు. ఒక్కో శ్వాసకి రెండున్నర లీటర్లు, నిమిషానికి 25 శ్వాసలు. మామూలుగా నిదానంగా ఈదే డైవర్ 15 నుంచి 20 లీటర్లు పీలుస్తాడు. 62.5 అంటే రొప్పుతూ ఈదుతున్న మనిషి. 50 మీటర్ల దగ్గర ప్రెషర్ 6 బార్ కాబట్టి, పైన లెక్కలో అది 375 లీటర్లు. అదీ సిలిండర్‌లో 50 బార్ మాత్రమే మిగిలినప్పుడు ఇవ్వాలి. ఆ స్థితిలో ఒక లీటరు గాలి కోసం ఊపిరితిత్తులు చేసే పని 3 జూల్స్ దాటకూడదు.

375 ఎక్కడ, 8500 ఎక్కడ? ఎంకే2 ఇచ్చే 2600 కూడా దీనికి ఏడు రెట్లు. నిజమే, ఆ అంకెలన్నీ నిండు సిలిండర్ మీద తీసినవి. గాలి తగ్గేకొద్దీ, ముఖ్యంగా చవక మోడళ్ళలో, ఇవీ తగ్గుతాయి. అలా తగ్గాక కూడా ఈఎన్ 250 దాటితేనే మార్కెట్లోకి వస్తుంది. అందుకే ఈ అంకె నా దృష్టిలో 108 మెగాపిక్సెల్ లాంటిది. అబద్ధం కాదు, కానీ దాన్ని చూసి ఫోటో ఎలా వస్తుందో చెప్పలేం. పెర్ఫార్మెన్స్ విషయంలో పేరున్న కంపెనీలన్నీ ఎప్పుడో గీత దాటేశాయి. పోటీ ఉండాల్సింది రిలయబిలిటీలో. ఆ కాలమ్ స్పెక్ షీట్‌లో ఉండదు.

పిస్టనా, డయాఫ్రమా?

నా ఉద్దేశంలో అసలు పోలిక ఇక్కడే మొదలవుతుంది.

ఫస్ట్ స్టేజ్‌లు ప్రధానంగా రెండు రకాలు. పిస్టన్ రకంలో ఒక లోహపు పిస్టన్, ఒక స్ప్రింగ్ ఉంటాయి. చుట్టూ ఉన్న నీళ్ళు రంధ్రాల గుండా లోపలికొచ్చి స్ప్రింగ్‌నీ, పిస్టన్‌నీ నేరుగా తాకుతాయి. లోతు ఎంతో అలాగే దానికి తెలుస్తుంది. కదిలే భాగాలు చాలా తక్కువ. ఎంకే2, క్రెస్సీ ఏసీ2 లాంటి చవక మోడళ్ళు ఈ రకమే. పైన చెప్పిన ఎంకే25, అటామిక్ కంపెనీ ఖరీదైన టైటానియం మోడళ్ళు కూడా పిస్టన్‌లే, కాకపోతే బ్యాలెన్స్‌డ్. అంటే సిలిండర్ నిండుగా ఉన్నా, ఖాళీ అవుతున్నా శ్వాస ఒకేలా ఉంటుంది. చవక మోడళ్ళలో చివరి 50 బార్‌కి వచ్చేసరికి పీల్చడం కాస్త గట్టిపడుతుంది. కొందరు పాత డైవర్లు అదే మంచిదంటారు, గాలి అయిపోతోందని ముందే చెబుతుందని. గేజ్ చూసుకుంటే ఆ హెచ్చరికతో పనిలేదు, అది వేరే మాట.

డయాఫ్రం రకంలో నీళ్ళు ఒక మందపాటి రబ్బరు పొరని మాత్రమే తాకుతాయి. పొరకి అవతల ఉన్న వాల్వ్ పొడిగా ఉంటుంది. సీల్డ్ డయాఫ్రం అంటే ఇంకో అడుగు ముందుకు: బయట రెండో పొర ఉంటుంది, దాంతో స్ప్రింగ్‌ని కూడా నీళ్ళు తాకవు. ఎంకే17, ఏపెక్స్ ఎక్స్‌టీఎక్స్50 ఈ కోవలోవి. లోపల భాగాలు ఎక్కువ, సర్వీస్ చేయడం కొంచెం కష్టం.

సీల్డ్ రకాన్ని అందరూ అమ్మేది చల్లటి నీళ్ళ పేరు మీద. గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది కదా, 10 డిగ్రీల కంటే చల్లటి నీళ్ళలో పిస్టన్ చుట్టూ మంచు కట్టి వాల్వ్ తెరుచుకున్నదున్నట్టే ఇరుక్కుపోవచ్చు. మన దగ్గర నీళ్ళు అంత చల్లబడవు. అందుకని ఇండియాలో సీల్డ్ రకం డబ్బు దండగ అని విదేశీ వీడియోలు చూసి చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. మన సమస్య మంచు కాదు, ఒండ్రు.

విశాఖలో రుషికొండ దగ్గర డైవ్ చేసినవాళ్ళకి తెలుసు, అండమాన్ ఫోటోల్లో కనిపించే నీళ్ళు అవి కావు. చెయ్యి చాపితే వేళ్ళు మసకగా కనిపించే రోజులుంటాయి. నదుల్లో ఇంకా కష్టం. ఒకసారి సర్వీస్ టెక్నీషియన్ పక్కన కూర్చుని రెండు ఫస్ట్ స్టేజ్‌లు విప్పుతుంటే చూశాను. రెండూ తీరం దగ్గర మురికి నీళ్ళలో వాడినవే. పిస్టన్ రకం విప్పగానే స్ప్రింగ్ చుట్టూ సన్నటి బూడిదరంగు బురద, దాని కింద పచ్చగా ఉప్పు. పిస్టన్ కదిలేటప్పుడు రాసుకునే ఓ-రింగు మీద గీతలు. సీల్డ్ డయాఫ్రం విప్పితే బయటి పొర మీద అదే బురద ఉంది, లోపల మాత్రం కొత్తదానిలా ఉంది. అప్పటిదాకా రెండింటి శ్వాసలో నాకు ఏ తేడా తెలియలేదు. తేడా ఉన్నది ఎంత కాలం అలాగే ఉంటుందన్న దగ్గర.

కచ్చులూరు దగ్గర

మన నీళ్ళ గురించి మాట్లాడుతూ కచ్చులూరుని వదలలేం. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న 'రాయల్ వశిష్ఠ' బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిపోయింది. నది వరదలో ఉంది. బోటు 200 అడుగులకు పైగా లోతులో ఉన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్ రెండూ రంగంలోకి దిగాయి. చివరికి కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళతో గాలించి, డైవర్ల సాయం కూడా తీసుకుని అక్టోబర్ 22న దాన్ని పైకి లాగింది. ఐదు వారాలు పట్టింది.

'అంతమంది డైవర్లుండి వెంటనే ఎందుకు దిగలేదు?' అని అప్పుడు చాలామంది అడిగారు. రెగ్యులేటర్ లెక్కల్లోనే సగం జవాబు ఉంది. 200 అడుగులంటే 60 మీటర్ల పైన, ప్రెషర్ 7 బార్. ఒక్కో శ్వాసకి పైన పీల్చేదానికి ఏడు రెట్ల గాలి ఖర్చు. మామూలు 11 లీటర్ల సిలిండర్‌ని 200 బార్‌కి నింపితే 2200 లీటర్లు. వరద ప్రవాహానికి ఎదురీదుతూ నిమిషానికి 40 లీటర్లు పీల్చేవాడికి అక్కడ 280 లీటర్లు కావాలి. ఎనిమిది నిమిషాలు కూడా రాదు. కిందికి దిగడం, పైకి రావడం, మధ్యలో ఆగడం అన్నీ అందులోనే. వినోదం కోసం చేసే డైవింగ్‌కి శిక్షణ సంస్థలు పెట్టిన హద్దు 40 మీటర్లు.

ఖర్చు ఒకటే కాదు. గాలి చిక్కబడుతుంది. మన చుట్టూ ఉన్న గాలి లీటరుకి 1.2 గ్రాములు. 7 బార్ దగ్గర 8 గ్రాములు దాటుతుంది. లీటరుకి 6.2 గ్రాముల కంటే చిక్కటి గాలి పీల్చొద్దని డైవింగ్ వైద్య పరిశోధకుల సలహా. ఎందుకంటే అంతకు మించితే ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపలేవు. మనిషి స్పృహ తప్పొచ్చు. మామూలు గాలితో ఈ గీత 40 మీటర్లకి కాస్త ముందే వస్తుంది. 8500 లీటర్ల రెగ్యులేటర్ పెట్టుకున్నా ఈ గీత జరగదు, ఎందుకంటే ఇరుకు రెగ్యులేటర్‌లో కాదు, మన గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉంది. ఇంకా లోతుకి వెళ్ళే పనికి పూర్తిగా వేరే టెక్నాలజీ కావాలి. 2025 జూలై 18న విశాఖలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ నిస్తార్ అలాంటిదే. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే కట్టింది. 300 మీటర్ల దాకా డైవర్లని పంపే ఏర్పాట్లు అందులో ఉన్నాయి.

ఆ బురదలో సెకండ్ స్టేజ్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. మనం వదిలే గాలి బయటికెళ్ళడానికి కింద పుట్టగొడుగు ఆకారంలో పల్చటి సిలికాన్ వాల్వ్ ఉంటుంది. దాని అంచు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా పీల్చినప్పుడల్లా గాలితో పాటు నీళ్ళొస్తాయి. ఎంత ఖరీదైనదైనా ఇంతే. అలా జరిగితే గట్టిగా ఊది, పర్జ్ బటన్ నొక్కి కడిగేయాలి. కోర్సులో ఇది నేర్పిస్తారు. బురద నీళ్ళలో గాలింపు చేసే మన రెస్క్యూ టీములకి ఏది కొనాలని ఎవరైనా నన్నడిగితే, సీల్డ్ డయాఫ్రం తప్ప ఇంకోటి చెప్పను.

చెడిపోతే ఎటువైపు చెడిపోతుంది?

రిలయబిలిటీ అంటే చెడిపోకపోవడమే అనుకుంటాం. డైవింగ్‌లో ఇంకో ప్రశ్న ఉంది. చెడిపోయినప్పుడు గాలి ఆగిపోతుందా, ఆగకుండా వస్తుందా?

దాదాపు అన్ని సెకండ్ స్టేజ్‌లలో వాల్వ్ గాలి ప్రవాహం దిశలోనే తెరుచుకునేలా పెడతారు. ఫస్ట్ స్టేజ్ సీటు అరిగి ఇంటర్మీడియెట్ ప్రెషర్ పెరిగిపోతే, ఆ ప్రెషరే వాల్వ్‌ని తోసేస్తుంది. గాలి బుసబుసా వచ్చేస్తుంది. దీన్ని ఫ్రీఫ్లో అంటారు. భయంగానే ఉంటుంది కానీ పీల్చుకోవచ్చు, పక్కనుంచి కొద్దికొద్దిగా పీలుస్తూ పైకి రావచ్చు. సిలిండర్ మాత్రం కొన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది. స్వీడన్ కంపెనీ పొసైడన్ చేసే జెట్‌స్ట్రీమ్ లాంటి సర్వో రకం దీనికి వ్యతిరేకం, వాల్వ్ ప్రవాహానికి ఎదురుగా తెరుచుకుంటుంది. అందుకే వాటికి ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేయడానికి వేరే సేఫ్టీ వాల్వ్ పెడతారు. శ్వాస మాత్రం చాలా తేలిక. వాడితే వాడండి, కానీ వాటి సర్వీస్ తెలిసినవాళ్ళు మీకు దగ్గర్లో ఉండాలి.

నీళ్ళలో దిగకముందే చేసే పరీక్షలు

అద్దెకి తీసుకున్నా, సెకండ్ హ్యాండ్ కొన్నా ఈ పరీక్షలు మీరే చేయొచ్చు. మొదటిదానికి సిలిండర్ కూడా అక్కర్లేదు. ఫస్ట్ స్టేజ్ మూత గట్టిగా బిగించి సెకండ్ స్టేజ్‌ని నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చండి. మొదట కొద్దిగా గాలొచ్చి ఆగిపోవాలి, మీరు పట్టి ఉంచినంతసేపు అలాగే ఉండాలి. సన్నగా గాలి వస్తూనే ఉంటే డయాఫ్రం చిరిగినట్టో, ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా కూర్చోనట్టో లెక్క. ఆ సందులోంచే రేపు నీళ్ళొస్తాయి.

రెండోది జాకెట్‌లోకి గాలి నింపే హోస్‌కి చిన్న ప్రెషర్ గేజ్ తగిలించి చేసేది. సిలిండర్ తెరిచి కొన్నిసార్లు పీల్చి వదిలేయండి. ముల్లు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి నిలబడాలి. తర్వాత కొన్ని నిమిషాలు ముట్టుకోకుండా చూడండి. ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే లోపల సీటు అరిగింది. దీన్ని క్రీప్ అంటారు. ఇప్పుడు నడుస్తుంది, ఫ్రీఫ్లో ఎప్పుడన్నది మాత్రం దాని ఇష్టం. సెకండ్ హ్యాండ్ బేరంలో అమ్మేవాడు ఈ పరీక్షకి ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

మూడోది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీనికి కావాల్సింది ఒక టబ్బు నీళ్ళు, జామెట్రీ బాక్సులో స్కేలు. సిలిండర్ తెరిచి, సెకండ్ స్టేజ్ మౌత్‌పీస్ ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని మెల్లగా నీళ్ళలోకి దించండి. డయాఫ్రం నీటి మట్టానికి ఎన్ని అంగుళాలు కిందికెళ్ళాక బుస్సుమంటుందో, అదే వాల్వ్ తెరవడానికి మీరు పెట్టాల్సిన బలం. ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం ఉంటే బాగున్నట్టు. అర అంగుళానికే వస్తే అబ్బ ఎంత తేలికో అనుకోకండి, చిన్న కుదుపుకే ఫ్రీఫ్లో అవుతుంది. రెండు అంగుళాలు దాటితే ట్యూనింగ్ కావాలి. ఆక్టోపస్ అనే స్పేర్ సెకండ్ స్టేజ్‌ని మాత్రం కొంచెం గట్టిగానే ఉంచుతారు, నోట్లో లేకుండా వేలాడుతుంది కాబట్టి.

నీళ్ళలో దూకే ముందు ప్రతిసారీ చేయాల్సింది ఇంకోటుంది: సిలిండర్ గేజ్‌ని చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు ఊగిందంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదు. పడవ మీద సరిపోయిన గాలి, కింద సరిపోదు.

ఇప్పుడు ఆ అరలీటరు సిలిండర్

తమ్ముడి ప్రశ్నకి లెక్క వేద్దాం. అరలీటరు సిలిండర్‌ని 200 బార్‌కి నింపితే 100 లీటర్లు. 5 మీటర్ల లోతు బావిలో ప్రెషర్ 1.5 బార్. నిదానంగా 20 లీటర్లు పీలిస్తే నిమిషానికి 30 ఖర్చు, మూడు నిమిషాల చిల్లర. కంగారుపడితే శ్వాస రెండింతలు, మూడింతలు అవుతుంది. నిమిషం, నిమిషంన్నర. అదీ నిజంగా 200 బార్‌కి నింపితే. చేతి పంపుతో అంత నింపాలంటే వందలసార్లు కొట్టాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ 10 బార్ దగ్గరే ఆగిపోతుంది, పైగా అందులో నూనె ఆవిరి కలిసిన గాలి టైరుకి పనికొస్తుంది, ఊపిరితిత్తులకి కాదు.

అసలు ప్రమాదం ఇది కూడా కాదు. బావిలో ఈత మనకి కొత్త కాదు. బెండ్లు కట్టుకుని, సొరకాయ బుర్రలు, ప్లాస్టిక్ క్యాన్లు కట్టుకుని నేర్చుకున్నవాళ్ళమే. మునిగితే ఊపిరి బిగబట్టడం మన ఒంటికి అలవాటైన పని. పైనుంచి తీసుకెళ్ళిన గాలి కింద కుంచించుకుని, పైకొస్తే మళ్ళీ మామూలైపోతుంది కాబట్టి దాంతో ఊపిరితిత్తులు చిరగవు. కానీ 5 మీటర్ల కింద రెగ్యులేటర్‌తో ఛాతీ నిండా పీల్చి, గాలి అయిపోయిందని భయపడి, అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఊపిరితిత్తులు అంత సాగవు. చిరుగుతాయి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకి వెళ్ళొచ్చు. దీనికి మీటరున్నర లోతు కూడా చాలు. 'ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు' అన్నది స్కూబా కోర్సులో మొట్టమొదటి సూత్రం అవడానికి కారణం ఇదే. ఎంత బాగా ఈదగలిగితే ఈ అలవాటు అంత గట్టిగా ఉంటుంది. అందుకే గజ ఈతగాళ్ళకే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. మోటారు వైర్లు, పైపులు, కళ్ళు కనపడని చీకటి ఇవన్నీ వేరే.

ఇంకో చిన్న సంగతి. జహీరాబాద్ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. శిక్షణ సంస్థల లెక్కలో 300 మీటర్లు దాటితే అది ఆల్టిట్యూడ్ డైవింగ్, దానికి టేబుల్స్ వేరు. అంటే మన పొలం బావి ఒక స్పెషల్ కోర్సు చేసినవాళ్ళు దిగాల్సిన చోటు.

కొంటే ఏది?

ఏడాదికి ఒకటి రెండు ట్రిప్పులైతే రెగ్యులేటర్ కొనొద్దు. ముఖానికి సరిపోయే మాస్కు కొనండి, తర్వాత డైవ్ కంప్యూటర్. రెగ్యులేటర్ అద్దెకి తీసుకుని పై పరీక్షలు చేసుకోండి.

అండమాన్, లక్షద్వీప్ లాంటి తేటనీళ్ళే మీ లక్ష్యమైతే ఎంకే2, ఏసీ2 తరగతి అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ చాలు. తక్కువ భాగాలు, తక్కువ సర్వీస్ ఖర్చు. విశాఖ తీరం, నదులు, జలాశయాలు అయితే ఎక్స్‌టీఎక్స్50, ఎంకే17 తరగతి సీల్డ్ డయాఫ్రంకి డబ్బు పెట్టండి. ఎంకే25 గొప్ప యంత్రమే, కానీ టైముకి సర్వీస్ చేయించే ఓపిక ఉన్నవాళ్ళకి. బ్రాండు లేని ఆన్‌లైన్ రెగ్యులేటర్లలో సీఈ గుర్తు చూసి మోసపోకండి. దాని పక్కన నాలుగంకెల సంఖ్య, ఈఎన్ 250 అన్న మాట రెండూ ఉండాలి. సిలిండర్‌కి బిగించే పద్ధతుల్లో డిన్ మెరుగైనది, ఓ-రింగు లోపల ఇరుక్కుని ఉంటుంది కాబట్టి. కానీ మన డైవ్ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది యోక్. డిన్ కొంటే యోక్ అడాప్టర్ కూడా సంచిలో ఉంచుకోండి.

అమ్మేవాడిని అడగాల్సిన అసలు ప్రశ్న 'సర్వీస్ కిట్ ఇండియాలో దొరుకుతుందా? ఎవరు చేస్తారు?' అన్నదే. పాత పద్ధతిలో ఏడాదికోసారి లేదా 100 డైవ్‌లకోసారి సర్వీస్. కొన్ని కంపెనీలు రెండేళ్ళు లేదా 300 డైవ్‌ల దాకా పొడిగించాయి. కిట్ అంటే కాసిని ఓ-రింగులు, ఒక సీటు, అంతే. కానీ అవి విదేశం నుంచి మూడు నెలలకి వచ్చేటట్టయితే ఎంత మంచి రెగ్యులేటరైనా అటక మీదే.

ఇంట్లో దాచడం గురించి ఒక మాట. డైవ్ తర్వాత ఫస్ట్ స్టేజ్ మూత లోపలి తడి తుడిచి బిగించాకే మంచినీళ్ళలో నానబెట్టాలి, నీళ్ళలో ఉండగా పర్జ్ బటన్ నొక్కకూడదు. నీడలో ఆరబెట్టి, హోస్‌లు మడత పడకుండా చుట్టి పెట్టండి. మా వైపు మే నెలలో రేకుల గదిలో పెడితే రబ్బరు పాడవుతుంది. మౌత్‌పీస్‌ని గుడ్డ సంచిలో పెట్టి మూతి కట్టేయండి, లేకపోతే కుమ్మరి పురుగు అందులో మట్టితో గూడు కట్టేస్తుంది.